నైరోబీలో పంతులుద్యోగం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కెన్యా ఇంటర్నేషనల్ స్కూళ్ళలో పని చేసే మన తెలుగు టీచర్ల గురించి రెండు పేజీలు రాశాను కదా, దాని మీద వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ సగానికి పైగా మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు నుంచే. ఆంధ్రా పత్రికల్లో మన గోల ఎవరూ రాయరు, ఒడియా పత్రికల్లో అసలే రాయరు అని ఒకాయన వాపోయారు కూడా. అన్నీ వేయడానికి చోటు లేదు, ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను. నేను పాఠాలు చెప్పింది నైరోబీలో కాబట్టి జవాబులు కూడా అక్కడివే, లాగోస్‌కో లుసాకాకో వెళ్ళేవాళ్ళు వీటినే అచ్చంగా పట్టుకోకండి.

ప్రశ్న: నమస్తే మేడం, మాది గుణుపురం. ఫిజిక్స్ ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను, ఇక్కడ ప్రైవేట్ కాలేజీలో చెప్తున్నాను. నైరోబీలో ఒక స్కూల్ వాళ్ళు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాం అన్నారు, జీతం ఇక్కడికి మూడు రెట్లు. మధ్యలో ఉన్న ఆయన ఫైల్ నడపడానికి లక్షన్నర అడుగుతున్నాడు, ముందు విజిటర్‌గా వచ్చేయండి, పర్మిట్ అక్కడికొచ్చాక అయిపోతుంది అంటున్నాడు. అమ్మ భయపడుతోంది. వెళ్ళమంటారా?

జవాబు: ఆ లక్షన్నర మాత్రం ఇవ్వకండమ్మా. మంచి స్కూళ్ళు టీచర్ దగ్గర డబ్బు తీసుకోవు, తీసుకునేదేదైనా ఉంటే ఏజెంటు స్కూల్ దగ్గరే తీసుకుంటాడు. ఇక్కడ లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్లకి కూడా మన ప్రభుత్వం పెట్టిన పరిమితి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. మీవాడికి లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు, నాకైతే ఉండదనే అనిపిస్తోంది. ఇక విజిటర్‌గా వచ్చేయమనడం ఇంకా పెద్ద తిరకాసు. కెన్యాలో ఉద్యోగం చేయాలంటే క్లాస్ డి పర్మిట్ ఉండాలి, దానికి అప్లై చేయాల్సింది స్కూలు, ఫీజు కట్టాల్సింది కూడా స్కూలే, ఆ పోస్టుకి కెన్యా మనిషి ఎందుకు దొరకలేదో కూడా వాళ్ళే చెప్పుకోవాలి. విజిటర్ కాగితం మీద క్లాసులో నిలబడితే రేపు ఏదైనా తనిఖీ వస్తే తప్పు మీది అవుతుంది, స్కూలు వాళ్ళు చల్లగా తప్పుకుంటారు. ఇంకో సంగతి, పర్మిట్ ఆ ఒక్క స్కూల్‌కే కట్టేసి ఉంటుంది, నచ్చక పక్క స్కూల్‌కి మారదామంటే మళ్ళీ మొదటి నుంచి నడవాలి, అందుకే చేరే ముందే గట్టిగా చూసుకోవాలి.

జీతం మూడు రెట్లు అన్నారు, ఏ జీతం మూడు రెట్లో అడిగారా? అక్కడ పన్ను జీతంలోంచి నెలనెలా కోసేస్తారు. నెలకి 32,333 షిల్లింగులు దాటిన దగ్గర్నుంచి 5 లక్షల దాకా ఉన్న ముక్క మీద 30 శాతం పోతుంది, అదిగాక హౌసింగ్ లెవీ అని 1.5 శాతం, ఆరోగ్య బీమాకి 2.75 శాతం. కాబట్టి చేతికొచ్చేది ఎంత అని అడగండి, సిగ్గు పడకండి. జీతం షిల్లింగుల్లోనా డాలర్లలోనా అన్నది కూడా చూడండి, 2024 మొదట్లో డాలర్‌కి 160 షిల్లింగుల దాకా పడిపోయి ఆ ఏడాదే మళ్ళీ 130 దగ్గరకి వచ్చేసింది, ఆ మధ్యలో షిల్లింగుల జీతం తీసుకుని ఇంటికి పంపినవాళ్ళని అడిగితే చెప్తారు ఆ బాధ. ఇల్లు ఇస్తున్నారా లేక అద్దె అలవెన్సా, ఏడాదికి రాను పోను టికెట్ మీకొక్కదానికా కుటుంబానికా, మెడికల్ ఎంతవరకు, కాంట్రాక్ట్ పూర్తయ్యాక గ్రాట్యుటీ ఎంత, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో అక్షరాలా ఉండాలి. ప్రిన్సిపాల్ ఫోన్‌లో చూసుకుందాంలే అన్నది లెక్కలోకి రాదు.

మీరు అడగలేదు గానీ చెప్పేస్తా. ఒకే స్టాఫ్ రూమ్‌లో ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరికి, ఒకరు ఇంగ్లండ్ నుంచి వచ్చారనీ ఒకరు ఇండియా నుంచి వచ్చారనీ వేరే వేరే జీతాలిచ్చే స్కూళ్ళున్నాయి, వాళ్ళిద్దరి కంటే కిందన అక్కడి కెన్యా టీచర్ జీతం ఉంటుంది. మన జీతం తక్కువని మనవాళ్ళు గుంపుగా కూర్చుని గొణుక్కుంటారు గానీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న కెన్యా ఆవిడ సంగతి ఒక్కరూ ఎత్తరు, నాకది నచ్చేది కాదు. ఇవన్నీ చూసుకున్నాక కూడా బాగుందనిపిస్తే వెళ్ళండమ్మా, శుభ్రంగా వెళ్ళండి. అమ్మగారికి ఆ ఆఫర్ లెటర్ తెలుగులో చదివి వినిపించండి, సగం భయం పోతుంది.

ప్రశ్న: పది ఒడిశా బోర్డులో, డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీలో, బీఈడీ బరంపురం యూనివర్సిటీలో. సర్టిఫికెట్లు అటెస్టేషన్ చేయించుకోమన్నారు. విశాఖ వెళ్తే భువనేశ్వర్ పొమ్మంటున్నారు, భువనేశ్వర్ వెళ్తే అమరావతి అంటున్నారు. ఎక్కడికి పోవాలి ఆజ్ఞా? (పర్లాకిమిడి)

జవాబు: మన బోర్డర్ వాళ్ళ ఖర్మ ఇదే బాబూ, చదువు ఎక్కడ దొరికితే అక్కడ చదివేశాం. లెక్క ఏంటంటే మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నది కాదు, కాగితం ఏ రాష్ట్రం ఇచ్చిందన్నది. చాలావరకు డిగ్రీకి ఆంధ్రా స్టాంపు, పదికీ బీఈడీకీ ఒడిశా స్టాంపు పడాలి, ఆ తర్వాత అన్నీ కలిపి విదేశాంగ శాఖకి. మన దేశం 2005లో అపోస్టిల్ (ఒక దేశం కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకోవడానికి వేసే ముద్ర) ఒప్పందంలో చేరింది, అవతలి దేశం కూడా అందులో ఉంటే ఆ ఒక్క స్టిక్కర్‌తో అయిపోతుంది, సౌతాఫ్రికా, బోట్స్‌వానా, మారిషస్ లాంటివి ఉన్నాయి. లేని దేశమైతే ఆ పైన వాళ్ళ ఎంబసీ స్టాంపు కూడా కావాలి. స్కూలు హెచ్‌ఆర్ వాళ్ళని ఏ కాగితానికి ఏ స్టాంపు కావాలో మెయిల్‌లో రాసిమ్మని అడిగి అప్పుడు బస్సెక్కండి, కొన్ని స్కూళ్ళు డిగ్రీ, బీఈడీ రెండే అడుగుతాయి, పదో క్లాసు కాగితం కోసం ఊరికే తిరగొద్దు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే పెట్టుకోవచ్చు. కెన్యాలో పాఠం చెప్పాలంటే అక్కడి టీచర్స్ సర్వీస్ కమిషన్‌లో పేరు రిజిస్టర్ చేయించుకోవాలి, దానికీ ఈ కాగితాలే అడుగుతారు, కాబట్టి స్కాన్ కాపీలు మంచివి తీసి పెట్టుకోండి.

ప్రశ్న: ఇది మీరు వేస్తారో నవ్వుతారో తెలీదు. మా ఆవిడకి నైరోబీలో ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. నేను రాయగడలో చిన్న మెడికల్ ఏజెన్సీ నడుపుతున్నాను. నేను కూడా వెళ్ళాలా? వెళ్తే అక్కడ ఏటి చేస్తాను?

జవాబు: నవ్వను బాబూ, ఇలాంటి ఉత్తరాలు ఇంకా రెండొచ్చాయి, మీరొక్కరే ధైర్యంగా ఏటి చేస్తాను అని అడిగారు. మీరు వెళ్ళేది డిపెండెంట్ పాస్ మీద, దాని మీద అక్కడ ఉద్యోగం చేయకూడదు, చేయాలంటే మీ పేరు మీద వేరే పర్మిట్ ఉండాలి. నాకు తెలిసిన అలాంటి మగవాళ్ళు రెండు రకాలు. ఒక రకం, మొదటి నెల నేషనల్ పార్క్‌లో సింహాలు చూసి ఫోటోలు పెట్టి, రెండో నెల నుంచి బాల్కనీలో కూర్చుని ఆవిడ ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూసి, ఆవిడొచ్చాక కరెంటు పోయిందనీ నీళ్ళు రాలేదనీ అలుగుతారు. ఆవిడేమో అప్పటికే పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం దాకా నిలబడి వచ్చి, బ్యాగులో నోటు పుస్తకాల కట్టతో ఉంటుంది. రెండో రకం వంట నేర్చేసుకుంటారు, పిల్లల్ని చూసుకుంటారు, కాంపౌండ్‌లో అందరికీ కావలసినవాళ్ళైపోతారు, ఆదివారం క్రికెట్ ఆడతారు. 2003 వరల్డ్ కప్‌లో కెన్యా సెమీఫైనల్ దాకా వచ్చింది గుర్తుందా, అక్కడ గుజరాతీలకీ పంజాబీలకీ క్లబ్బులూ గ్రౌండ్లూ పాతకాలం నుంచి ఉన్నాయి, వీకెండ్ లీగ్‌కి మనిషి ఎప్పుడూ తక్కువే. మీరే రకమో మీకే తెలియాలి. నన్నడిగితే ఏజెన్సీ మూసేయకండి, తమ్ముడికో నమ్మకమైనవాళ్ళకో ఒక ఏడాది అప్పజెప్పి వెళ్ళండి. ఆవిడ జీతం మీద బతుకుతున్నాడు అని ఎవరో అంటారని ఆగిపోవాల్సిన పని లేదు, మన జిల్లాల నుంచి సూరత్ వెళ్ళిన మగవాళ్ళ జీతాల మీద ఎన్ని ఇళ్ళు నడవటం లేదు, ఇది తిరగేసి అంతే.

ప్రశ్న: జయపురంలో సీబీఎస్ఈ స్కూల్లో పన్నెండేళ్ళుగా లెక్కలు, సైన్సు చెప్తున్నాను. ఐజీసీఎస్ఈ అంటే అంత కష్టమా? లెక్కలు ఎక్కడైనా లెక్కలే కదా.

జవాబు: లెక్కలు లెక్కలేనండి, పేపర్ దిద్దడమే వేరు. ఐజీసీఎస్ఈ అంటే మన పదో తరగతి లాంటి పరీక్ష, 1988లో మొదలైంది, కేంబ్రిడ్జి వాళ్ళది. ఉదాహరణకి ఫిజిక్స్ తీసుకోండి, కోడ్ 0625, అందులో ఒక పేపర్ నలభై బిట్లు నలభై ఐదు నిమిషాల్లో, ఒకటి థియరీ, ఇంకోటి ప్రాక్టికల్ లేదా ప్రాక్టికల్‌కి బదులు రాసే పేపర్. మన పిల్లలు సూత్రం కంఠతా పట్టి వస్తారు, అక్కడ మార్క్ స్కీమ్‌లో వర్ణించు అంటే ఏం జరిగిందో రాయాలి, వివరించు అంటే ఎందుకు జరిగిందో రాయాలి, ఇది రాయమంటే అది రాస్తే పేజీ నిండా రాసినా సున్నా. పదేళ్ళ పాత పేపర్లు, వాటి మార్క్ స్కీములు ముందు మీరు కూర్చుని చేయండి, వెళ్ళకముందే, ఇక్కడే. అంతకంటే మంచి ట్రైనింగ్ లేదు.

కష్టమల్లా క్లాసు బయట ఉంది. పొద్దున్న బస్ డ్యూటీ, రీసెస్ డ్యూటీ, స్విమ్మింగ్ గాలా (ఈత పోటీలు), పేరెంట్స్ మీటింగు, టర్ముకోసారి ఒక్కో పిల్లకి ఒక్కో పేరా రిపోర్టు, అదీ ఒకరిది ఇంకొకరికి కాపీ కొడితే తల్లులు వాట్సాప్‌లో పోల్చుకుని పట్టేస్తారు. స్కూలయ్యాక ప్రతి టీచరూ ఏదో ఒక క్లబ్ నడపాలి, నాకేమీ రాదండీ అంటే కుదరదు. మా స్కూల్లో ఒక తెలుగావిడ ముగ్గుల క్లబ్ పెట్టింది. రంగుల సుద్దముక్కలతో కారిడార్ గచ్చు మీద చుక్కలు పెట్టించి, తొమ్మిది చుక్కల ముగ్గు ఎన్ని రకాలుగా తిప్పినా ఒకేలా ఎందుకుంటుందో సిమ్మెట్రీ పాఠం కింద చెప్పేది, సోమాలీ పిల్లలు, కొరియా పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని మెలికలు వేసేవారు, ఒక గుంటడు చుక్క తప్పిందని ఏడ్చేశాడు కూడా. హెడ్ గారు ఆ కారిడార్ వారం రోజులు తుడవద్దన్నారు.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. చెవి మెలిపెట్టడం, నెత్తి మీద మొట్టడం, బయట నిలబెట్టడం, మన దగ్గర చట్టం కాదన్నా ఇంకా జరుగుతున్నవి, అక్కడ చేస్తే ఉద్యోగం ఆ రోజే పోతుంది. మీ ఫోన్‌లో పిల్లల ఫోటో తీయడం, పిల్లతో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండటం, ఇవీ కుదరవు. చేరిన మొదటి వారంలోనే సేఫ్‌గార్డింగ్ (పిల్లల భద్రత) ట్రైనింగ్ ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు. అది మంచిదే.

ప్రశ్న: మా కోడలు జులై ఆఖరున నైరోబీ వెళ్తోంది. ఆవకాయ, కారాలు, మిక్సీ, ఇడ్లీ పాత్ర సర్దుతున్నాను. ఆఫ్రికా కదా, స్వెటర్ ఎందుకత్తయ్యా అని తీసేసింది. ఇంకేం పెట్టాలి? (బరంపురం)

జవాబు: పిన్నిగారూ, ముందు ఆ స్వెటర్ తిరిగి పెట్టండి, రెండు పెట్టండి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ కోరాపుట్ దేవమాలి, 1,672 మీటర్లు, నైరోబీ ఊరు ఇంచుమించు అంత ఎత్తులో ఉంది. భూమధ్యరేఖకి కింద ఉండటం వల్ల జూన్, జులై, ఆగస్టులే అక్కడ చలికాలం, పొద్దున్న పది పన్నెండు డిగ్రీలు, ఇళ్ళలో హీటర్లుండవు. ఇడ్లీ పిండి బరంపురంలో రాత్రి వేస్తే పొద్దున్నకి పొంగి కారిపోతుంది చూడండి, అక్కడ ఆ నెలల్లో మర్నాడు మధ్యాహ్నానికి కూడా కదలదు, లైటు వేసిన ఓవెన్‌లో పెడితే గానీ లేవదు. ఎత్తు వల్ల పప్పు కూడా మామూలు గిన్నెలో ఉడకదు, కుక్కర్ తప్పనిసరి, దానికి గ్యాస్కెట్ ఒకటి ఎక్కువ పెట్టండి.

పప్పు మాత్రం మోయించకండి. మన దేశం కందిపప్పు తెచ్చుకునేదే ఆ వైపు నుంచి, మొజాంబిక్, టాంజానియా, మలావీ నుంచి, కెన్యాలో కూడా కంది పండుతుంది. కరివేపాకు, చింతపండు, కొత్తిమీర, బెండకాయ, వంకాయ అన్నీ పార్క్‌లాండ్స్ వైపు ఇండియన్ కొట్లలో దొరుకుతాయి, తోటకూర అయితే వాళ్ళ సొంత కూరే. బియ్యం మ్వేయా అనే చోట పండే పిషోరి అని వాసన బియ్యం ఉంటుంది, పులిహోరకి బాగుంటుంది, పెరుగన్నానికి నాకు నప్పలేదు. దొరకనివి మన గొడ్డుకారం, ఎండు వడియాలు, గుంటూరు మిరపకాయ ఘాటు, మీ చేతి ఆవకాయ. అవి పెట్టండి.

కానీ పాలిథిన్ కవర్లలో కట్టకండి! కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, జరిమానాలు చాలా పెద్దవి, ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ కవరు కూడా అక్కడే వదిలేయమంటారు. సీసాల్లోనో డబ్బాల్లోనో పెట్టి పాత చీర ముక్కలు చుట్టండి. మిక్సీ పనికొస్తుంది, కరెంటు 240 వోల్టులే, ప్లగ్గు మాత్రం మూడు చదరపు పిన్నులది, మన గుండ్రటి పిన్ను పట్టదు, అడాప్టర్ ఇక్కడే నాలుగు కొనివ్వండి.

ప్రశ్న: స్వాహిలీ నేర్చుకోవాలా? స్కూలంతా ఇంగ్లీషే కదా. (పర్లాకిమిడి)

జవాబు: ఈ ప్రశ్న పర్లాకిమిడి నుంచి రావడమే వింత. మీ ఊళ్ళో రాజావారి బడిలో పాఠాలు చెప్తూ గిడుగు రామమూర్తి గారు ఏం చేశారు, పక్క కొండల్లో సవరల భాష పని గట్టుకుని నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, నిఘంటువు చేశారు. మీకంత అక్కర్లేదు లెండి. క్లాసులో ఇంగ్లీషు చాలు. కానీ గేటు దగ్గర అస్కారీ (కాపలా మనిషి), స్కూల్ బస్ డ్రైవరు, ఇంట్లో పని చేసే ఆవిడ, కూరగాయలావిడ, వీళ్ళతో నాలుగు మాటలు రాకపోతే రెండేళ్ళున్నా చుట్టపుచూపుగా ఉన్నట్టే. పెద్దవాళ్ళకి షికామో అనాలి, వాళ్ళు మరాహబా అంటారు, పలకరించకుండా తిన్నగా పనిలోకి దిగితే మొరటు మనిషి అనుకుంటారు. టైము మాత్రం జాగ్రత్త. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క, మన ఏడు వాళ్ళకి ఒకటి. పనావిడ సా ంబీలి అంటే రెండింటికి కాదు, పొద్దున్న ఎనిమిదింటికి వస్తుంది, మీరు పడుకుని ఉంటే బెల్లు కొట్టి కొట్టి వెళ్ళిపోతుంది.

ప్రశ్న: మలేరియా, ఎల్లో ఫీవర్ గురించి ఒక్క ముక్క చెప్పండి. (మల్కన్‌గిరి)

జవాబు: మల్కన్‌గిరి వాళ్ళకి మలేరియా గురించి నేనేం చెప్తాను. నైరోబీలో ఎత్తు వల్ల తక్కువే, సెలవులకి మొంబాసా తీరానికో విక్టోరియా సరస్సు పక్కన కిసుముకో వెళ్తే మాత్రం దోమతెర, డాక్టర్ని అడిగి ముందు మందులు. ఎల్లో ఫీవర్ టీకా వెళ్ళడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, వాళ్ళిచ్చే పసుపు రంగు కార్డు జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. ఊళ్ళో ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లోనే, హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందు ఫోన్ చేసి స్లాట్ తీసుకోండి.

ప్రశ్న: అమ్మా, మా వాడు అక్కడ టీచరు. సంక్రాంతికి రాడు, దసరాకి రాడు. ఫోన్ చేస్తే రాత్రి పదకొండింటికి చేస్తాడు, అప్పటికి నాకు నిద్ర. మాట్లాడటం ఇష్టం లేకే అలా చేస్తున్నాడంటారా? (రాయగడ)

జవాబు: ఇష్టం లేక కాదమ్మా. ఆ స్కూళ్ళ ఏడాది ఆగస్టు ఆఖర్న మొదలై జులై మొదట్లో అయిపోతుంది. దసరా నాటికి టర్ము నడుమ, సంక్రాంతి నాటికి క్రిస్మస్ సెలవులైపోయి మళ్ళీ బడి మొదలు. అక్కడి టీచర్లకి దొరికేవి జులై నెలా, ఈస్టర్ సెలవులూ. ఈస్టర్ ఏప్రిల్‌లో పడినప్పుడు మన మజ్జిగౌరమ్మ చైత్ర జాతరకి అటూ ఇటూగా కలుస్తుంది, ఆ టికెట్ చూసుకోమనండి, ముంబై నుంచి నైరోబీకి తిన్నగా ఆరు గంటల ప్రయాణమే. ఇక ఫోను సంగతి, అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. వాడు నోటు పుస్తకాలు దిద్దుకుని, అన్నం తిని, ఎనిమిదిన్నరకి ఫోన్ తీస్తే మీకు పదకొండు. రాత్రి వద్దనండి. వాళ్ళకి పదిన్నరకి రీసెస్ ఉంటుంది, మీకప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట, ఆ రోజు డ్యూటీ పడకపోతే పది నిమిషాలు ఖాళీగానే ఉంటాడు. వారంలో ఏ రెండు రోజులు డ్యూటీ లేదో కనుక్కుని ఆ రోజుల్లో మీరే చేయండి.